పాతాళ రైలు ఫొటోలో పొడుపుకథ దాచడం ఎలా

ముందు ఒక గొడవ తేల్చుకుందాం. వైజాగ్‌లో ఎవరినైనా సబ్‌వే ఎక్కడ అని అడిగితే రైలు పట్టాల కింద నుంచి అటుపక్కకి వెళ్ళే దారి చూపిస్తారు, గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలిచే దారి. నేను చెప్పేది దాని గురించి కాదు, భూమి లోపల తిరిగే రైళ్ళ గురించి, మన మాటలో మెట్రో. మనూరికి అది ఇంకా రాలేదు. అయినా మెట్రో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు ఇక్కడ తక్కువేం లేరు. మేం ఓ ముప్ఫై మందిమి: హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చేవాళ్ళు, పని మీద రాత్రి బండెక్కి హౌరా వెళ్ళొచ్చేవాళ్ళు, న్యూయార్క్‌లో చదువుకుంటున్న ఒకమ్మాయి, జ్ఞానాపురంలో ఉండే రిటైర్డ్ లోకో పైలట్ ఒకాయన. ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. శనివారం రాత్రి ఒకరు మా గ్రూపులో ఒక ఫొటో పెడతారు, అందులో ఒక సంగతి దాగి ఉంటుంది, ఆదివారం సాయంత్రం దాకా మిగతావాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళు ప్రతిసారీ అదే అడుగుతున్నారు, ఎలా దాచాలి, ఎలా పంపాలి అని. అందుకే ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా.

కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు. చిన్నప్పుడు విన్న పొడుపే, కనురెప్పలు. జవాబు మన మొహం మీదే ఉంటుంది, విప్పాక ఓరి ఇదా అనిపిస్తుంది. ఫొటోలో దాచేది కూడా అలాంటిదే అయ్యుండాలి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు చూసేవాడు ఫొటో అంతా వెతకాలి, అది మాత్రం నట్టనడుమ ఉండాలి. ఓ మూల పది రెట్లు జూమ్ చేస్తే తప్ప కనపడని స్టిక్కరు ముక్క దాచి, ఎవరూ కనిపెట్టలేదని సంబరపడే బాపతు వాళ్ళు మాలోనూ ఇద్దరున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది వాళ్ళ పొడుపు. దాచిన సంగతి ఆ రైలు ఎలా నడుస్తుందో, ఆ లైను ఎలా కట్టారో చెప్పేదైతే విప్పినవాడికి కొత్త విషయం ఒకటి చేతికొస్తుంది.

ఉదాహరణకి సొరంగం ఆకారం. కోల్‌కతా మెట్రో మన దేశంలో మొట్టమొదటిది, 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లతో మొదలైంది. ఆ పాత లైనులో ఎక్కువ భాగం రోడ్డుని పైనుంచి తవ్వి, కింద పెట్టెలాగా కట్టి, మళ్ళీ పైన కప్పేసిందే. కాబట్టి ప్లాట్‌ఫాం చివర నిలబడి ఫొటో తీస్తే సొరంగం నోరు నలుచదరంగా ఉంటుంది. హుగ్లీ నది కింద నుంచి వెళ్ళే గ్రీన్ లైను అలా కాదు, అక్కడ యంత్రంతో తొలుచుకుంటూ వెళ్ళారు, నోరు గుండ్రంగా ఉంటుంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఏ సొరంగం తవ్వుతున్నప్పుడు పైన ట్రాఫిక్ ఆపాల్సొచ్చింది అని అడగండి చాలు. ఊరి పేరు అడగక్కర్లేదు, లైను పేరు అడగక్కర్లేదు. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఆ పాత లైనులోనే బెల్గాచియా, శ్యామ్‌బజార్ మధ్య పైన రైల్వే యార్డు, కాలువ ఉండబట్టి అక్కడ మాత్రం తొలిచే వెళ్ళారు. పాత లైను అంటే నలుచదరమే అని బట్టీ పట్టినవాళ్ళకి ఆ ఫొటో వేయండి, సరదాగా ఉంటుంది.

రెండోది కరెంటు. కోల్‌కతా, బెంగళూరు, కొచ్చి రైళ్ళకి పట్టాల పక్కనే మూడో పట్టా ఒకటి ఉంటుంది, దానిలోంచి 750 వోల్టుల డీసీ తీసుకుంటాయి. ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ రైళ్ళకి మన మామూలు రైలింజన్లకి లాగానే పైన తీగ, 25 వేల వోల్టుల ఏసీ. అంటే ఫొటోలో ఆకాశం వైపు చూస్తే సగం ఊళ్ళు కొట్టేయొచ్చు.

మూడోది పట్టాల మధ్య వెడల్పు. ఢిల్లీలో మొదట కట్టిన రెడ్, ఎల్లో, బ్లూ లైన్లు మన రైల్వే లాగే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్, తర్వాత వచ్చిన వయొలెట్, మెజెంటా, పింక్ 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్. కోల్‌కతాలో ఎస్ప్లనేడ్ స్టేషన్‌కి పాత బ్లూ లైనూ, కొత్త గ్రీన్ లైనూ రెండూ వస్తాయి, ఒకటి బ్రాడ్, ఒకటి స్టాండర్డ్. మా కుర్రాడొకడు ఆ రెండింటి ఫొటోలూ పెట్టి, ఈ రైళ్ళు ఒకే స్టేషన్‌కి వస్తాయి గానీ ఒకదాని పట్టాల మీద రెండోది ఎప్పటికీ రాలేదు, ఎందుకో చెప్పండి అన్నాడు. నా లెక్కలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అదే బెస్టు. ఒకడు సిగ్నల్ అన్నాడు, ఒకడు కరెంటు అన్నాడు, కింద పట్టాలు మాత్రం ఎవరూ చూడలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. మూడో పట్టా స్పష్టంగా కనపడే ఫొటో ఒకటి పెట్టి, ఏ ఊరు అని అడిగి, జవాబు కోల్‌కతా అని ముందే రాసిపెట్టుకున్నా. ఫొటో నేను తీసింది కాదు, పాత ఫోల్డర్లో దొరికింది, కోల్‌కతా ట్రిప్పుదే అనుకున్నా. బాబాయ్ పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏరా, బెంగళూరులో మూడో పట్టా లేదా? పట్టాల వెడల్పు చూసుకున్నావా అసలు?" అన్నారు. చూస్తే అది స్టాండర్డ్ గేజ్, బెంగళూరు మెజెస్టిక్‌లో మా బావమరిది తీసిన ఫొటో. అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం: పొడుపు వేసేవాడు ముందు తనకి తానే శత్రువై, ఈ జవాబు తప్ప ఇంకేదైనా ఇందులో ఇముడుతుందా అని ఒక పూట వెతకాలి. రెండు జవాబులు కుదిరితే ఇంకో గుర్తు కలపాలి, లేదంటే ప్రశ్న మార్చాలి.

విదేశాల ఫొటోలు వస్తే ఇంకా మజా. న్యూయార్క్ సబ్‌వేలో ప్లాట్‌ఫాం మధ్యలో నలుపు తెలుపు చారల పలక ఒకటి వేలాడుతుంది. రైలు ఆగగానే మధ్య పెట్టెలో ఉండే కండక్టర్ కిటికీలోంచి దాని వైపు వేలు చూపించాలి, రైలు సరైన చోట ఆగిందని చూసుకున్నట్టు గుర్తు. ఆ అమ్మాయి పంపిన ఫొటోలో ఒకాయన పైకి వేలు చూపిస్తుంటే మావాళ్ళంతా ఎవరికో దారి చెబుతున్నాడనుకున్నారు. లండన్‌లో అయితే 2013లో అండర్‌గ్రౌండ్ 150 ఏళ్ళ సందర్భంగా మార్క్ వాలింజర్ అనే కళాకారుడు 270 స్టేషన్లకీ తలా ఒక చిక్కుదారి బొమ్మ చేశాడు, ఏ రెండూ ఒకలా ఉండవు. మాస్కో మెట్రోలో గోడల పాలరాయిలో కోట్ల ఏళ్ళ నాటి నత్తగుల్లల శిలాజాలు కనపడతాయి, రైలు కంటే గోడే ముసలిది. ఇలాంటివి ఒక్కోటి ఒక్కో వారానికి సరిపోతాయి. మన గొప్ప కూడా ఒకటి చెప్పుకోవాలి కదా: ముంబై భూగర్భ ఆక్వా లైను రైళ్ళు తయారైంది తిరుపతి జిల్లా శ్రీసిటీలో. ఆ రైలు ఫొటో పెట్టి ఇది పుట్టిన ఊరేది అని అడిగితే ఫ్రాన్స్ అన్నారు, కొరియా అన్నారు, మన రాష్ట్రం పేరు మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

హైదరాబాద్ మెట్రో ఫొటో పెట్టి సొరంగం అని నమ్మించాలని చూడకండి. అక్కడ ఇప్పుడు నడుస్తున్న మూడు కారిడార్లూ స్తంభాల మీదే, రాత్రి పూట బయట చీకటిగా ఉంటుందంతే. ఒకరు ప్రయత్నించారు, దొరికిపోయారు.

ఫొటో తీయడం గురించి. భూమి లోపల వెలుతురంతా లైట్లదే, ఆ లైట్లు మన కరెంటుకి సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది, ఫొటో నిండా అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. షట్టర్, అంటే కెమెరా కన్ను తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే పోతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 1/60, 1/120. ఫోన్లో ప్రో మోడ్ ఉంటే చేత్తో పెట్టుకోవచ్చు. రైలు నెత్తిన వెలిగే ఊరి పేరు బోర్డుది ఇంకో తంటా, షట్టర్ మరీ వేగంగా పెడితే సగం అక్షరాలే పడతాయి. మీరు దాచింది ఆ బోర్డులో ఉంటే మాత్రం జాగ్రత్త, ఒకటికి నాలుగు తీసుకోండి. నైట్ మోడ్ ఆగి ఉన్న రైలుకే, కదిలే రైలుని అది అలికేస్తుంది. ప్లాట్‌ఫాం అద్దాల తలుపులుంటే ఫోన్ లెన్స్‌ని అద్దానికి ఆనించేయండి, మీ మొహం ఫొటోలో పడదు. ఫ్లాష్ మాత్రం వద్దు, ఎప్పుడూ వద్దు. చీకటి సొరంగంలోంచి వచ్చే డ్రైవర్ కళ్ళలో అది కొడితే ఏమవుతుందో బాబాయ్‌ని అడగండి, అరగంట క్లాసు పీకుతారు.

ఇంకో సంగతి. దాచేది ఏదో ముందే అనుకుని వెళ్తే దొరకదు. నేనైతే ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటి, పట్టాల వైపు కిందకి ఒకటి, పైకప్పు ఒకటి, రైలు మొహం ఒకటి, పెట్టె మీద నంబరు ఒకటి తీసుకుని వచ్చేస్తాను. ఇంటికొచ్చి టీ తాగుతూ చూసుకుంటే అప్పుడు కనపడుతుంది అసలుది.

ఎక్కడ తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు అన్నది ఒక్కో మెట్రోకి ఒక్కోలా ఉంటుంది, స్టేషన్‌లో బోర్డు చదవండి, అనుమానమొస్తే అక్కడి సిబ్బందిని అడగండి, వద్దంటే వాదించకుండా వచ్చేయండి. ట్రైపాడ్ పెడితే ఎక్కడైనా వస్తారు. మనూళ్ళో అయితే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరిది, పోర్టు వైపు లైన్ల దగ్గర, డాక్‌యార్డ్ చుట్టుపక్కల కెమెరా బయటకి తీయొద్దు, రైలు ఎంత అందంగా వస్తున్నా సరే. పట్టాల మీదకి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. జైలు మాట అటుంచండి, ప్రాణం సంగతి చూసుకోండి.

పంపేటప్పుడే ఎక్కువమంది బోల్తా పడతారు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది కుదించేస్తుంది, చిన్న అక్షరాలన్నీ నుసి అయిపోతాయి, మీరు దాచిందే మాయమైపోతుంది. ముందు మీ నంబరుకి మీరే పంపుకుని, వచ్చిన ఫొటోలో ఆ సంగతి కనపడుతోందా లేదా చూసుకోండి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, కానీ ఫొటోతో పాటు ఫోన్ రాసిపెట్టుకున్న తేదీ, టైము, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అన్నీ వెళ్ళిపోతాయి. ఒక పక్క జవాబు వెళ్ళినట్టే, ఇంకో పక్క, ఇంటి బాల్కనీలోంచి రైలు తీశారనుకోండి, మీ ఇంటి అడ్రసు కూడా వెళ్ళినట్టే. ఐఫోన్‌లో అయితే షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపేయొచ్చు, మిగతా ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేసుకుంటే గొడవ వదిలిపోతుంది. ఫైలు పేరు కూడా మార్చండి. మాలో ఒకరు ఎంతో కష్టపడి సొరంగం ఫొటో ఒకటి సిద్ధం చేసి డాక్యుమెంట్‌గా పంపారు, ఫైలు పేరు హౌరా మైదాన్ రెండు. పది సెకన్లలో ఆట అయిపోయింది, ఆయన ఆ వారమంతా అలిగారు. టెలిగ్రామ్‌లో అయితే ఫొటో మీద ముసుగు వేసి పంపే సదుపాయం ఉంది, నొక్కితేనే కనపడుతుంది. జవాబు ఫొటోకి అది బాగా పనికొస్తుంది.

మనుషుల మొహాలు పడితే మసక చేయండి, ముఖ్యంగా పిల్లలవి. స్టేషన్ పేరు బోర్డు అడ్డొస్తే కత్తిరించండి, కానీ దాచిన సంగతి మీద చెయ్యి పెట్టొద్దు. రంగు మార్చడం, ఏదైనా చెరిపేయడం, ఈ మధ్య ఫోన్లలో వచ్చిన ఏఐ పనులు, అవన్నీ మా దగ్గర చెల్లవు. ఫొటోలో ఉన్నది నిజం కాకపోతే దాన్ని విప్పేవాడు దేన్ని నమ్మాలి?

ప్రశ్న అడగడంలోనే సగం ఉంది. ఏ ఊరు అని అడిగితే వెంటనే ఎవరో గూగుల్ లెన్స్‌కి చూపించేస్తారు, మన శ్రమంతా గోవిందా. ఎందుకు, ఎలా, తర్వాత ఏం జరుగుతుంది అని అడగండి. ఈ రైలు ఇంకో పది సెకన్లలో ఏం చేయబోతోంది అని అడగొచ్చు, ఈ ఫొటోలో ఉండాల్సింది ఒకటి లేదు, ఏంటది అని అడగొచ్చు. జవాబులు గ్రూపులో రాయనివ్వకండి, పొడుపు వేసినవాడికి విడిగా పంపాలి, లేకపోతే మొదటివాడు రాయగానే మిగతావాళ్ళందరికీ నిద్ర వచ్చేస్తుంది. ఎవరూ దగ్గరకి రాకపోతే ఆదివారం పొద్దున ఒక చిన్న క్లూ, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకోటి. క్లూ అంటే ఎటు చూడాలో చెప్పడం, అంతే. ఏం చూడాలో చెప్పేస్తే అది క్లూ కాదు.

విడుపు చెప్పేటప్పుడు బద్ధకించొద్దు. అదే ఫొటోలో ఆ భాగం పెద్దది చేసి, బాణం గుర్తు పెట్టి, ఎందుకలా ఉంటుందో రెండు మూడు వాక్యాలు రాయండి. ఫొటో ఎవరు తీశారో చెప్పండి. మీరు అనుకోని సంగతి ఎవరైనా చెప్పి అది నిజమైతే, వాళ్ళకీ మార్కులు వేయండి. సగం సార్లు మాకు అలాగే జరుగుతుంది, బాబాయ్ మేం అడిగింది వదిలేసి మేం చూడనిది చెబుతారు.

మెట్రో ఊళ్ళకి వెళ్ళే వీలు లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు, ముందు మన స్టేషన్‌లో చెయ్యి తిప్పుకోండి. హౌరా దగ్గరి షాలిమార్, చెన్నై మధ్య తిరిగే కోరమాండల్ లాంటి బండి వైజాగ్‌లోకి వచ్చి, ఇంజిన్ ఇటు నుంచి అటు మారి, వచ్చిన వైపుకే బయల్దేరుతుంది. వచ్చేటప్పుడు ఒక ఫొటో, వెళ్ళేటప్పుడు ఒక ఫొటో తీసి, కిటికీ పక్క సీట్లో పెద్దాయన ఇందాక రైలు వెళ్ళే వైపు చూస్తూ కూర్చున్నాడు, ఇప్పుడు వెనక్కి చూస్తూ వెళ్తున్నాడు, ఆయన సీటు మారలేదు, ఏమైంది అని అడగండి. పెట్టె నంబర్లో మొదటి రెండంకెలు అది తయారైన ఏడాది, ఆఖరి పెట్టె వెనకాల పెద్ద గుణకారం గుర్తు అంటే రైలు తెగిపోకుండా మొత్తం వచ్చిందని. కరెంటు స్తంభాల మీద అంకెలు చూస్తే ఏ కిలోమీటరు దగ్గరున్నామో తెలిసిపోతుంది, కాబట్టి అవి ఫొటోలో పడితే జవాబు ఇచ్చేసినట్టే, చూసుకోండి. సొరంగాలు కావాలంటే అరకు బండెక్కండి, దారిలో యాభైకి పైగా ఉన్నాయి. శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉంటాం. అది దాటి ఇంకా ముందుకి కిరండూల్ వైపు వెళ్తే స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి ఒడియా వస్తుంది, ఆ రెండు బోర్డులు చాలు ఒక పొడుపుకి.

సరే, ఈ వారానిది ఇక్కడే వేసేస్తున్నా. కదిలే రైలు లోపలి నుంచి తీసిన ఫొటో. బయట గుండ్రటి సొరంగం గోడ, దాని మీద నీలం వెలుగు. పెట్టెలో సగం మంది ఫోన్లు పైకెత్తి కిటికీల వైపు పట్టుకున్నారు, వాళ్ళ నీడలు అద్దంలో పడ్డాయి. ముక్కాలు నిమిషంలో ఆ నీలం వెలుగు అయిపోయి, అందరూ ఫోన్లు దించేశారు. ఊరు అడగడం లేదు, లైను అడగడం లేదు. ఆ ముక్కాలు నిమిషంలో వాళ్ళ నెత్తి మీద ఏముంది? జవాబు నలుగురిలో చెప్పకండి, నాకు విడిగా పంపండి.